ఎవరి కంచె?

వెస్ట్ వర్జీనియా,
ఏప్రిల్ 14, 2003

ప్రియమైన వెర్నా అత్తకి,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం రాస్తున్నందుకు, ఇది పొడుగ్గా ఉండబోతున్నందుకు, నా చేతిరాత కోడి కెలికినట్టు ఉన్నందుకు, గురుగ్రహానికి అంతమంది చంద్రులుండగా మనకి ఒక్కడే దక్కినందుకు, లాక్‌రిడ్జ్ వంశంలో నాబోటివాడు పుట్టినందుకు, అన్నిటికీ కలిపి టోపీ తీసి, తల వంచి, ఒక్కటే క్షమాపణ చెప్పుకుంటున్నాను. వీటిలో ఏ ఒక్కటీ నా తప్పు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ నీలాంటి పెద్ద ఖగోళ శాస్త్రజ్ఞురాలికి రాసేటప్పుడు క్షమాపణతో మొదలుపెట్టమని అమ్మ చెప్పింది. ఏ తప్పుకో చెప్పలేదు. అందుకని టోకున చెప్పేశాను.

నేను హోబీని. నీ తమ్ముడు డెల్మర్ కొడుకుని. నువ్వు ఆఖరుసారి చూసినప్పుడు నాకు ముందు పళ్ళు లేవు. ఇప్పుడు పళ్ళున్నాయి, భౌతికశాస్త్రంలో డిగ్రీ కూడా ఉంది. రెండిట్లో పళ్ళే ఎక్కువ పనికొస్తున్నాయి. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని పెద్ద పళ్ళేల్లాంటి టెలిస్కోపులతో వినే మన లోయలోని అబ్జర్వేటరీలోనే ఉద్యోగం దొరికింది. హోదా విను: రేడియో రొద నివారణ సహాయకుడు. ట్రక్కు మీద యాంటెన్నా పెట్టుకుని లోయంతా తిరగడం, ఎవరింట్లో ఏ వస్తువు రొద చేస్తోందో వాసన పట్టడం, తలుపు కొట్టి "అమ్మా, మీ మైక్రోవేవ్ పాలపుంతకి అడ్డొస్తోంది" అని మతగురువులా చెప్పడం, ఇదీ నా పని. పోయినవారం షినాబెరీ ముసలావిడ ఇంటికి వెళ్ళాల్సివచ్చింది. కుక్కకి కీళ్ళ నొప్పులని కరెంటు దుప్పటి కప్పిందావిడ.

"కుక్క దుప్పటి కూడా వినపడుతుందా మీ టెలిస్కోపు గిన్నెకి?" అంది.

"శుభ్రంగా వినపడుతుందమ్మా."

"అయితే ఆ గిన్నెనే ఇక్కడికి రమ్మను. దీని మూలుగు కూడా వింటుంది. నేను కాస్త పడుకుంటాను."

ఉన్ని దుప్పటి ఒకటి సమర్పించుకుని బయటపడ్డాను. శాస్త్రం గెలిచింది. కుక్క మాత్రం నన్ను ఇంకా క్షమించలేదు.

ఇక అసలు సంగతి. నువ్వు మొదట పనిచేసిన పాత పళ్ళేనికి జూన్‌లో నీ పేరు పెడుతున్నారు. పక్కన రాతి ఫలకం నిలబెడతారు. రమ్మని పిలిస్తే నువ్వు కార్డు పంపావు: "థాంక్స్. రాను." మా డైరెక్టర్ డాక్టర్ పెల్హామ్ ఇంకేమైనా ఉందేమోనని దాన్ని తిప్పి కూడా చూశాడు. వెనక నాగజెముడు బొమ్మ ఉంది.

ఎందుకు రానంటున్నావో ఆయనకి తెలియదు గానీ మా ఇంట్లో అందరికీ తెలుసు. 1971లో నువ్వు ఆ పళ్ళెంతోనే టిక్కుటిక్కుమంటూ కొట్టుకునే కొత్త చుక్కని, అంటే ఒక పల్సర్‌ని, కనిపెట్టావనీ, పేపర్లలో నీ ఫోటో పడిందనీ, నెల తిరక్కుండానే అది చుక్క కాదు, మన పొలం చుట్టూ ఉన్న కరెంటు కంచె అని తేలిందనీ, నిండు సభలో శాస్త్రజ్ఞులంతా పగలబడి నవ్వారనీ, ఆ సిగ్గుతోనే నువ్వు న్యూ మెక్సికో ఎడారికి పోయావనీ అమ్మ నాకు చెప్పింది. అదీ వంటింట్లో, కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున చెప్పింది. మా ఇంట్లో కంచె అన్న మాట నిషిద్ధం. పొలం చుట్టూ ఉన్నదాన్ని నాన్న "ఆ కర్రలు" అంటాడు.

నీకు బాధ కలగకూడదనే ఫలకం మీద మాటలు నేనే రాశాను. నీ చదువు, నీ బహుమతులు, చిన్న గెలాక్సీల చుట్టూ నువ్వు కనిపెట్టిన చల్లటి వాయువు, అన్నీ ఉన్నాయి. 1970 నుంచి 1972లోకి పిల్లిలా దూకేశాను, చప్పుడు కాలేదు. కాపీ ఇందులో పెడుతున్నాను.

నాన్న నిన్ను రమ్మని రాయమనలేదు. కానీ నీ కార్డు సంగతి తెలిసినప్పటి నుంచీ నీ పాత గదికి రంగు వేస్తున్నాడు. ఎందుకని అడిగితే "చెద పట్టింది" అంటాడు. రంగుకి చెద ఎక్కడ పోతుందో నా డిగ్రీకి అంతుపట్టలేదు.

రా అత్తా.

నీ మేనల్లుడు,
హోబీ

*

న్యూ మెక్సికో,
ఏప్రిల్ 25

ఒరేయ్ హోబీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నీ ఫలకం చదివితే మాత్రం ఒళ్ళు మండింది. 1970 నుంచి 1972లోకి దూకావా? మధ్యలో ఉన్నది నా బతుకురా, గుమ్మం ముందు బురద కాదు.

మీ అమ్మ కుళాయి కట్టేసి చెప్పాల్సిన కథ ఇది. నేనే చెబుతాను, కూర్చో.

ఆ పాత పళ్ళెం పక్కలకి తిరగదు, ఉత్తరానికీ దక్షిణానికీ వంగుతుందంతే. ఆకాశమే తిరిగి దాని ముందుకి రావాలి. దక్షిణానికి బాగా వంచితే కొండల సందులోంచి సరిగ్గా మన పొలం మీదుగా చూస్తుంది. నా చుక్క ఉందనుకున్న చోటు ఎదురుగా వచ్చే వేళకే నేను దాన్ని అలా వంచేదాన్ని. వంచగానే టిక్కు, టిక్కు. చుక్క దాటిపోయాక పళ్ళెం ఎత్తేసేదాన్ని, టిక్కులు ఆగిపోయేవి. ఇంకేం కావాలి? ఆ చోటు ఎదురుగా లేనప్పుడు కూడా ఒక్కసారి అటు వంచి చూడాల్సింది. చూడలేదు. ఎందుకు చూడలేదంటే దొరకాలని కోరుకున్నది దొరికింది గనక. మా వృత్తిలో అంతకంటే పెద్ద గుడ్డితనం లేదు. నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. పేపర్లవాళ్ళు వచ్చారు. తూర్పున ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉద్యోగం ఇస్తామని రాసింది.

ఒక మంగళవారం నా చుక్క మూగబోయింది. బుధవారం మళ్ళీ పలికింది. పల్సర్లు అప్పటికి కొత్త, ఏం చేస్తాయో ఎవరికీ పూర్తిగా తెలియదు. దాని గురించి ఇంకో వ్యాసం రాయొచ్చని సంబరపడ్డాను. గురువారం ఇంట్లో భోజనాల దగ్గర, చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తింటూ, మీ నాన్న మా నాన్నతో అంటున్నాడు:

"మంగళవారం సెనేటర్ కంచె తెంపుకుని షినాబెరీ వాళ్ళ మొక్కజొన్నలో పడ్డాడు. వాణ్ణి లాక్కొచ్చి తీగ కట్టేసరికి దినమంతా పోయింది. అంతసేపూ కరెంటు ఆపేశాను."

సెనేటర్ మన ఆంబోతు. నా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"ఏంటక్కా, ఉప్పెక్కువైందా?" అన్నాడు మీ నాన్న.

"డెల్మర్, ఆ కంచె ఎంతసేపటికోసారి కొడుతుందిరా?"

"నన్నడుగుతావేంటి, వెళ్ళి పట్టుకో, అదే చెబుతుంది."

వెళ్ళాను. తీగని చేత్తో ముట్టుకోకుండా గడ్డిపరకతో తాకాలని నీకు తెలిసే ఉంటుంది, పశువులున్న ఇంట్లో పుట్టావు. పరక ఆనించి చేతిగడియారం చూస్తూ నిలబడ్డాను. వేళ్ళలోకి టిక్కు. మళ్ళీ టిక్కు. ఆ నడక నాకు కంఠతా వచ్చు. అది నా చుక్క.

ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చు. కంచె పీకించేసి "చుక్క ఆరిపోయింది" అని రాస్తే నమ్మేవాళ్ళు. తూర్పు ఉద్యోగం చేతిలో ఉండేది. అబద్ధం చెప్పమని నా బుర్ర ఒక పూటంతా నన్ను బతిమాలింది, దాచను. ఆ తర్వాతి వారం సభలో లేచి నిలబడి చెప్పాను: "పోయిననెల నేను ప్రకటించిన చుక్క మా తమ్ముడి కరెంటు కంచె. దాని ప్రభావానికి లోబడి తిరుగుతున్నవి గ్రహాలు కావు. ఆవులూ, సెనేటర్ అనే ఒక ఆంబోతూ. ఆ ఆంబోతు కూడా పోయిన మంగళవారం కక్ష్య తప్పింది." నవ్వారు. నవ్వరా మరి? నవ్వాలనే అన్నాను. నేనూ నవ్వాను. మీరంతా ముప్ఫై రెండేళ్ళుగా దాన్ని అవమానం అనుకుంటున్నారు. ఆ రోజంత గర్వంగా నేను ఎన్నడూ నిలబడలేదురా.

తూర్పువాళ్ళు మర్యాదగా తప్పుకున్నారు. వెనక వరసలో కూర్చున్న ఒక ముసలాయన మాత్రం నా దగ్గరికొచ్చి, "నీ తప్పు ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు. "నేనే" అన్నాను. "అయితే నీ కొలతలు నాకు కావాలి" అన్నాడు. ఆయన ఎడారిలో కొత్త పళ్ళేలు కట్టిస్తున్నాడు. నేను ఇక్కడికి సిగ్గుతో రాలేదు, పిలిస్తే వచ్చాను. చిన్న గెలాక్సీల చుట్టూ చల్లటి వాయువు ఉందని నేను చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. అది తప్పని చూపించడానికి నాలుగు దేశాలవాళ్ళు తంటాలు పడ్డారు. వాళ్ళకంటే ముందు నేనే తంటాలు పడ్డాను, ఏడాదిన్నర. నా శిష్యులు ఏది కనిపెట్టామని పరుగెత్తుకొచ్చినా నేను అడిగేది ఒక్కటే: "ఎవరి కంచె?" వాళ్ళు మొహం వేలాడేసుకుని వెళ్ళి మళ్ళీ కొలిచేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు వాళ్ళ శిష్యుల్ని అడుగుతున్నారు. నా పేరు పళ్ళేనికి పెట్టకపోయినా ఫరవాలేదు, ఆ మాట బతికితే చాలు.

మరి ఊరికి ఎందుకు రాలేదంటావా? అది చెప్పడమే కష్టం.

మరుసటి వసంతంలో ఒకసారి వచ్చాను. మీ నాన్న తీగంతా చుట్టి పారేసి, చలికాలమంతా దుంగలు చీల్చి, పొలం చుట్టూ కర్రల కంచె కట్టాడు. అంత పొలానికీ. ఒక్కడే. అరచేతులు పచ్చిపుండు. నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళి, "ఇక నీకు అడ్డురాదక్కా" అన్నాడు. "పిచ్చోడా, తప్పు నాది, నీదీ కాదు నీ కంచెదీ కాదు" అనాలి నేను. వందలమంది ముందు అనగలిగినదాన్ని వాడొక్కడి ముందు అనలేకపోయాను. ఆ చేతులు చూస్తూ, "బాగుంది" అన్నాను. నేను క్షమించలేదనుకున్నాడు వాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆ కర్రలు కనిపించేవి, ఆ మాట వచ్చేది కాదు. రావడమే మానేశాను.

ఇప్పుడు నువ్వు రాళ్ళ మీద కూడా 1971 లేకుండా చేస్తున్నావు. అంటే అది సిగ్గుపడాల్సిన సంగతేనని మీ నాన్నకి రాతిమీద చెక్కి చూపిస్తున్నట్టు. ఆ ఏడాది ఉంటేనే వస్తాను. లేకపోతే మీ పళ్ళేనికి పెల్హామ్ పేరే పెట్టుకోండి.

నీ అత్త,
వెర్నా

*

వెస్ట్ వర్జీనియా,
మే 12

అత్తా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. అడక్కుండా వినిపించినందుకు తిడతావని తెలుసు, క్షమాపణల ఖాతాలో వేసుకో.

నాన్న కొట్టంలో గేటు కమ్మీ బిగిస్తున్నాడు. నేను చదువుతుంటే సుత్తి ఆపలేదు. సెనేటర్ దగ్గరికి వచ్చేసరికి ఆపాడు.

"ఆ ముక్క మళ్ళీ చదువు."

"ఏ ముక్క?"

"అదే, ఆంబోతు దారి తప్పిన ముక్క."

"కక్ష్య తప్పిన ముక్క నాన్నా."

"ఏదో ఒకటి, చదవరా."

చదివాను. అత్తా, నాన్న నవ్వడం నేను చూశాను గానీ ఇలా నవ్వడం చూడలేదు. గేటు పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "అంటే వాళ్ళు మా అక్కని చూసి నవ్వలేదా? అదే నవ్వించిందా?" అన్నాడు.

"అవును."

"నేను దాని బతుకు పాడుచేశాననుకున్నానురా."

"పాడైన బతుక్కి ఎవరైనా పళ్ళెం రాసిస్తారా నాన్నా?"

"నీకన్నీ వేళాకోళమే" అన్నాడు. తర్వాత మిగతాది చదవమన్నాడు. "బాగుంది" దగ్గర నేను చదవలేకపోతే కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు. బయటికొచ్చి ఆ కర్రల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "నిజంగా బాగానే కట్టాను కదరా ఈ కంచె" అన్నాడు. కంచె అన్నాడు అత్తా! నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆ మాట ఆ నోట వినడం అదే మొదలు.

ఫలకం తయారైంది. నా కళ్ళతో చూశాను. 1971 ఉంది. ఏముందో చెప్పను, వచ్చి చూడు. గదికి చెద మందు వేయడం కూడా పూర్తయింది, నీలం రంగు.

హోబీ

*

వెస్ట్ వర్జీనియా,
జూన్ 30

ప్రియమైన వెర్నా అత్తకి,

నువ్వు డాక్టర్ పెల్హామ్‌కి రాసిన కృతజ్ఞతల ఉత్తరాన్ని ఆయన అద్దం కట్టించి ఆఫీసులో పెట్టుకున్నాడు. "మీ కమిటీ ధైర్యానికి జోహార్లు" అన్న వాక్యం ముందు వచ్చినవాళ్ళనందర్నీ నిలబెడుతున్నాడు. అది చూసి నా అంతరాత్మ, ఆ పేరుతో నాలో ఏదైనా ఉంటే, కరెంటు దుప్పటిలా రొద చేస్తోంది. కాబట్టి నీకు జరిగింది చెప్పాలి.

ఫలకం కమిటీ ఒప్పుకోలేదత్తా.

నీ షరతు నేనే తీసుకెళ్ళి చెప్పాను. ఐదుగురూ గోధుమ రొట్టెలు తింటూ విన్నారు. "ఫలకాలు ఘనకార్యాలకయ్యా, పొరపాట్లకి కాదు" అన్నాడు పెల్హామ్. "పర్యాటకులు నవ్వుతారు" అన్నాడు ఇంకొకాయన. ఐదుగురూ ఒక్క గొంతుతో నా మాట తోసేసి తర్వాతి అంశానికి వెళ్ళారు. ఎవరో కుర్రాడు కొత్త సంకేతం ఒకటి పట్టాడట. దాని మీద పెల్హామ్ మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? "ఎవరి కంచె?"

నేను కాఫీ పోస్తున్నాను, బల్ల మీద పోశాను.

"ఆ మాట ఎక్కడిది సార్?" అన్నాను.

"ఏ మాట?"

"కంచె మాట."

"బేస్‌బాల్‌ది అనుకుంటానయ్యా. మా గురువుగారు అనేవారు. బంతి కంచె దాటిందా లేదా చూసుకోమని."

ఆయన గురువుగారు నీ శిష్యుడే. చెబుదామని నోరు తెరిచాను, బల్ల తుడవమన్నారు.

ఇక ఆవిష్కరణ రోజు నువ్వు చూసిందే. కానీ నువ్వు ముందు వరసలో ఉన్నావు, పెల్హామ్ మొహం పక్కనుంచి నాకు కనపడింది. గుడ్డ లాగి, గంభీరంగా గొంతు సవరించుకుని, నా ఇంపైన వాక్యాలన్నీ చదువుకుంటూ వచ్చి, కిందనున్న ఆ కొత్త వరసల్లో పడ్డాడు. మధ్యలో ఆగలేడు, మైకు ముందు ఉన్నాడు. చదివాడు:

"1971లో ఈవిడ కొత్త చుక్క కనిపెట్టానని చెప్పింది. అది మా కంచె. ఆ సంగతి కూడా ఈవిడే కనిపెట్టింది. ఎవరూ అడక్కముందే అందరికీ చెప్పింది. ఆ కంచె నాది. ఈ అక్క కూడా నాదే. — డెల్మర్ లాక్‌రిడ్జ్."

చిలీ నుంచి వచ్చిన ఆ పొట్టి శాస్త్రజ్ఞురాలు గట్టిగా, "ఓహో, ఎవరి కంచె అంటే ఈ కంచేనా!" అంది. దాంతో జర్మనీ ఆయన, "మేమూ అంటాం, మేమూ అంటాం" అని లేచాడు. వాళ్ళెవరికీ అది ఎక్కడ పుట్టిందో తెలియదు. అందరూ మన పొలంవైపు తిరిగి చూస్తుంటే నాకు ఏమైందో చెప్పలేను. వేళాకోళానికి ఒక్క మాట దొరకలేదు. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు, వైద్యుడికి చూపించుకోవాలి. నువ్వు మాత్రం నాన్న దగ్గరికి వెళ్ళి టోపీని కళ్ళదాకా లాగేసి ఏదో అన్నావు. చప్పట్లలో వినపడలేదు. ఏమన్నావని నాన్నని అడిగాను. "నీకెందుకు" అన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఈల వేస్తున్నాడు. అమ్మ కుళాయి కట్టేసి వింటోంది.

కమిటీకి జ్ఞానోదయం తర్వాత అయింది. అందరూ వచ్చి చెయ్యి కలుపుతుంటే, "మేం చాలా ఆలోచించి పెట్టాం" అనేశాడు పెల్హామ్. అనేశాక వెనక్కి తీసుకోలేకపోయాడు. ఆయనకి నీ అంత గుండె లేదు. నన్ను గదిలోకి పిలిచి తలుపేసి, "ఆ వరసలు చెక్కించింది నువ్వే కదూ?" అన్నాడు. లోయలో అందరి అనుమానమూ నా మీదే. షినాబెరీ ముసలావిడ అయితే కుక్కతో సహా నమ్మింది.

అన్యాయమత్తా. ఉలి నేను ముట్టుకోలేదు. చెక్కింది సమాధి రాళ్ళు చెక్కే రక్‌మన్. మాటలు నాన్నవి, అక్షరం కూడా నేను దిద్దలేదు. రక్‌మన్ దగ్గరికి వెళ్ళింది నాన్నే, నా ట్రక్కు వేసుకుని. రాయి మీద చోటు చాలదని రక్‌మన్ అంటే, "చిన్నక్షరాలు చెక్కు, మా అక్కకి దూరపు చూపు బాగా ఉంది" అన్నది కూడా నాన్నే. నేను ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాను.

నేను చేసింది ఒక్కటే. నీ ఉత్తరం విన్నాక నాన్న టోపీ పెట్టుకుని, ట్రక్కు తాళాలు తీసుకుని, గుమ్మంలో ఆగాడు. చట్టానికి భయపడే మనిషని నీకు తెలుసు కదా. "ఒరేయ్, దీని గురించి కమిటీలో మాటొచ్చిందా? వాళ్ళలో వాళ్ళకేమైనా తేడాలొచ్చాయా?" అని అడిగాడు.

"ఏ తేడాలూ లేవు నాన్నా" అన్నాను. "ఏకగ్రీవం."

నీ మేనల్లుడు,
హోబీ